చెయ్యి ఒకచోట, కాగితం ఒకచోట (విజయవాడ ఆటోనగర్‌లో ఒక రిటైర్డ్ ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ చేసిన ప్రసంగం, రికార్డింగ్ విని రాసినది)

అందరికీ నమస్కారం అండీ. వెనక్కి వినిపిస్తుందా? ఆ చివర షెడ్ల వాళ్ళు నిలబడే ఉన్నారు, ముందుకి రండి అండీ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ఇవాళ మాట్లాడుకునేది మీ గురించే.

నేను ఐటీఐలో 31 ఏళ్ళు ఇన్‌స్ట్రక్టర్‌గా చేశాను. మొదట డీజిల్ మెకానిక్, తర్వాత ఎంఎంవీ, అంటే మెకానిక్ మోటార్ వెహికల్. రిటైరయ్యి రెండేళ్ళయింది. భవిష్యత్తులో వచ్చే ఉద్యోగాలకి తగ్గట్టు వృత్తి విద్య ఎలా ఉండాలో మాట్లాడమన్నారు. నేను వేరే ఎక్కడికో పోను, ఆటోనగర్ నుంచే మొదలుపెడతా, ఎందుకంటే భవిష్యత్తు అని మనం అంటున్నది మన షెడ్ల ముందుకి ఆల్రెడీ వచ్చి ఆగింది. తారీకుతో సహా చెప్తా, 2020 ఏప్రిల్ 1. ఆ రోజు మనందరం లాక్‌డౌన్‌లో ఇళ్ళల్లో ఉన్నాం కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. ఆ రోజు నుంచి దేశంలో అమ్మే ప్రతి కొత్త బండీ బీఎస్-6, అంటే బండి పొగలో విషం ఎంతకి మించకూడదో చెప్పే భారత్ స్టేజ్ రూల్స్‌లో ఆరోది. బీఎస్-4 నుంచి మధ్యలో 5 లేకుండా ఒకేసారి 6కి దూకాం.

ఇక్కడ తల్లిదండ్రులు కూడా ఉన్నారు కాబట్టి దాని అర్థం ఏంటో కొంచెం చెప్తాను. పాత లారీ ఇంజన్ అంటే మేస్త్రి చెవితో వినేది. టాపెట్ సౌండ్ వేరు, బేరింగ్ సౌండ్ వేరు, పొగ నల్లగా వస్తే ఒక అర్థం, తెల్లగా వస్తే ఇంకో అర్థం. పెద్ద డీజిల్ ఇంజన్‌కి నైట్రోజన్ ఆక్సైడ్లు బీఎస్-4లో కిలోవాట్ అవర్‌కి 3.5 గ్రాముల దాకా ఒప్పుకునేవాళ్ళు, బీఎస్-6లో అది 0.4 గ్రాములు. అంత తగ్గించాలంటే ఇంజన్ ఒక్కటీ బాగుంటే చాలదు, సైలెన్సర్‌లో యూరియా నీళ్ళు స్ప్రే చెయ్యాలి, మన వాళ్ళు డెఫ్ అంటారు, యాడ్‌బ్లూ అంటారు, అందులో యూరియా 32.5 శాతం ఉండాలి, అది తేడా వచ్చినా, సెన్సర్ తేడా చెప్పినా బండే తన పవర్ తను తగ్గించేసుకుంటుంది. పొగ రాదు, సౌండ్ రాదు, డాష్‌బోర్డ్ మీద లైటు ఒకటి వెలుగుతుంది అంతే. ముప్పై ఏళ్ళు చెవితో పనిచేసిన మనిషికి ఆ లైటు ఏం చెప్తుందో తెలియాలంటే ఎట్లా?

పోయిన వానాకాలం జరిగింది చెప్తా, నేను అక్కడే ఉన్నాను. బియ్యం లోడుతో కాకినాడ పోర్టుకి పోవాల్సిన పది టైర్ల బండి, లాగట్లేదు, నలభై దాటట్లేదు అని ఇక్కడ ఒక షెడ్డుకి తెచ్చారు. మేస్త్రికి యాభై దాటాయి, ఆయన చెయ్యి పెడితే బాగవని ఇంజన్ నేను చూడలేదు. ఆయన డీజిల్ ఫిల్టర్లు మార్చాడు, టర్బో గొట్టాలు చూశాడు, ఇంజెక్టర్లు ఊడదీసి పంపు షాపుకి పంపాడు, అవి బాగానే ఉన్నాయని తిరిగొచ్చాయి. రెండు రోజులు పోయాయి. ఓనరు గంటకోసారి ఫోను, ఆయన బాధ ఆయనది, ఈఎంఐ ఆగదు కదా. మూడో రోజు నా దగ్గర చదువుకున్న కుర్రాడు ఒకడు, కంపెనీ సర్వీస్‌లో పనిచేస్తాడు, సెలవు రోజు స్కానర్ పట్టుకుని వచ్చాడు. పెట్టిన పది నిమిషాల్లో కోడ్ చదివాడు, నాక్స్ సెన్సర్ సర్క్యూట్, అంటే ఆ నైట్రోజన్ ఆక్సైడ్లని కొలిచే సెన్సర్ లైను. చదివి, "మేస్త్రి గారూ, సెన్సర్ మార్చాలి" అన్నాడు. దాని రేటు వేలల్లో ఉంటుంది. మేస్త్రి "ఆగరా అబ్బాయ్" అని బండి కిందకి దూరాడు. ఆ సెన్సర్ నుంచి వచ్చే వైర్ల కట్ట పట్టుకుని వేళ్ళతో తడుముకుంటూ పోయాడు, నేను టార్చి పట్టుకున్నా. ఛాసిస్ పక్కన ఒక క్లిప్పు విరిగి, వైరు బ్రాకెట్‌కి రాసుకుని రాసుకుని పైతోలు పోయి, లోపల రాగి పచ్చగా అయిపోయి ఉంది. కట్ చేసి, సోల్డర్ పెట్టి, స్లీవ్ వేసి, క్లిప్పు బిగించాడు. కుర్రాడు కోడ్ క్లియర్ చేశాడు. లైటు ఆరింది, బండి లాగింది.

నేను ఆ రోజు ఇంటికెళ్ళాక కూడా అదే ఆలోచించాను. స్కానర్ లేకపోతే మేస్త్రికి ఆ వైరు దగ్గరికి పోవాలని తెలిసేది కాదు. మేస్త్రి లేకపోతే కుర్రాడు సెన్సర్ మార్చేవాడు, డబ్బు పోయేది, లైటు మాత్రం అట్లాగే ఉండేది. ఇద్దరిలో ఏ ఒక్కరూ పూర్తి మెకానిక్ కాదు, ఇద్దరూ కలిస్తేనే ఒక మెకానిక్. మన దేశంలో వృత్తి విద్య రోగం మొత్తం ఇదేనని నా నమ్మకం. చెయ్యి ఒకచోట పెరుగుతుంది, కాగితం ఇంకోచోట పెరుగుతుంది, రెండూ ఒకదాన్ని ఒకటి చూసుకోవు. ఐటీఐ ఇక్కడికి ఎంతో దూరం లేదు, కానీ నేను పనిచేసిన కాలంలో ఒక్క మేస్త్రిని కూడా మా క్లాసుకి పిలిచి పిల్లలకి చూపించమని అడిగింది లేదు, అట్లా పిలవొచ్చు అనే ఆలోచన కూడా మాకెవరికీ రాలేదు.

ముందు మా ఐటీఐ వైపు చెప్తా. దేశంలో ఈ క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ 1950లో మొదలైంది, అప్పట్లో అది చాలా గొప్ప పని, బీహెచ్‌ఈఎల్ లాంటి ఫ్యాక్టరీలు, మన రైల్వే వర్క్‌షాపులు నిలబడ్డది ఆ పిల్లల చేతుల మీదే. ఇప్పుడు సిలబస్ ప్రకారం ఏడాదికి 1200 గంటలు, అందులో ప్రాక్టికల్ 840. వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు లెక్కేద్దాం. బ్యాచ్‌కి 24 మంది అనుకోండి. ఇంజన్ ఒకటి. ఒక ఇంజన్ చుట్టూ నిజంగా చెయ్యి పెట్టగలిగేది నలుగురు, మిగతా వాళ్ళు భుజాల మీద నుంచి తొంగిచూడటమే. అంటే ఆరు గ్రూపులు. 840ని ఆరుతో భాగిస్తే 140. పిల్లాడి చెయ్యి ఇనుము మీద ఉన్నది ఏడాది మొత్తంలో 140 గంటలు. ఇక్కడ షెడ్డులో కుర్రాడు రోజుకి పది గంటల చొప్పున రెండు వారాల్లో ఆ పని చేస్తాడు. రికార్డు బుక్కులో మాత్రం 840 అనే ఉంటుంది, మేమే సంతకం పెడతాం.

ఇంకొకటి చెప్పాలి, ఇది నా మనసులో చాలా రోజుల నుంచి ఉంది. నేను పనిచేసిన ఒకచోటికి కొత్త కామన్ రైల్ ఇంజన్, అంటే కంప్యూటర్ కంట్రోల్‌తో నడిచే ఈ కాలం డీజిల్ ఇంజన్ వచ్చింది, ట్రైనింగ్ కోసమే, స్టాండు మీద బిగించి, అన్ని సెన్సర్లతో. ఎంత సంతోషపడ్డామో. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించారు, నీలం పట్టా కప్పారు, తాడు కట్టారు. ఎందుకంటే పాడైతే ఎవరి జీతంలో కోస్తారో అని భయం, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు మెరుస్తూ ఉండాలని ఆశ. పద్నాలుగు నెలలు ఆ పట్టా తియ్యలేదు. పిల్లలు మాత్రం పక్కనే ఉన్న పాత జీపు ఇంజన్ మీద నేర్చుకున్నారు, ఎన్ని బ్యాచ్‌లు ఊడదీసి బిగించాయో దానికి లెక్కలేదు, మరలు అరిగిపోయి హెడ్ బోల్టులు చేత్తో తిప్పితే ఊడొచ్చేవి. టార్క్ రెంచి పట్టుకుని బిగిస్తుంటే, ఇక చాలు అని చేతికి తెలిసే క్షణం ఒకటుంటుంది, ఇక్కడ మేస్త్రులకి నేను చెప్పక్కర్లేదు. అరిగిన మర మీద ఆ క్షణం ఎప్పటికీ రాదు. రెండు బ్యాచ్‌ల పిల్లలు ఆ క్షణం తెలియకుండానే సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళారు. ఆ పట్టా తియ్యమని నేను గట్టిగా అడగాల్సింది. అడగలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇప్పుడు షెడ్ల వైపు. మీ దగ్గర చెయ్యి ఉంది, ఇందులో సందేహమే లేదు. కానీ మీ కుర్రాడికి "ఎందుకు" అనేది ఎవరూ చెప్పరు. ఇట్లా చెయ్యరా అంటే చేస్తాడు, ఎందుకు చేస్తున్నాడో తెలీదు, అడిగితే తిట్లు, మేస్త్రికి టైం ఉండదు, బండి సాయంత్రానికి ఇవ్వాలి. పాత బండ్లు మారనంత కాలం అది నడిచింది, బండి మారేసరికి "ఎందుకు" తెలియనోడు ఆగిపోయాడు. రెండోది కాగితం. పదిహేనేళ్ళు పనిచేసిన మనిషి సొంత షెడ్డు పెడదామని బ్యాంకుకి పోతే ఏం చదివావు అంటారు. కువైట్ పోదామంటే హెల్పర్ వీసా మీద పోతాడు, అక్కడికి పోయాక మెకానిక్ పని చేయించుకుని హెల్పర్ జీతం ఇస్తారు. ఇక్కడ ఎంతమందికి అట్లా జరిగిందో మీకే తెలుసు. ఇంకోటి కూడా చెప్పాలి, పాత మేస్త్రులు చాలామంది తొమ్మిదేళ్ళకి, పదేళ్ళకి పనిలోకి వచ్చినవాళ్ళు, నేను ఆ కష్టాన్ని గౌరవిస్తాను, కానీ ఆ పద్ధతి మళ్ళీ వద్దు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లాడిని పనిలో పెట్టుకోవడం నేరం, నేరం కాకపోయినా తప్పే. పదో తరగతి దాకా వాడిని బడిలో ఉండనివ్వండి, లెక్కలు, కాస్త ఇంగ్లీషు వస్తే రేపు వైరింగ్ డయాగ్రామ్ వాడే చదువుకుంటాడు.

2020లో వచ్చిన జాతీయ విద్యా విధానంలో ఒక లెక్క ఉంది, పన్నెండో పంచవర్ష ప్రణాళిక అంచనా అని రాశారు. మన దేశంలో 19 నుంచి 24 ఏళ్ళ మధ్య పనిచేసేవాళ్ళలో పద్ధతి ప్రకారం వృత్తి విద్య నేర్చుకున్నవాళ్ళు 5 శాతం కూడా లేరు, అమెరికాలో 52, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 అని. ఈ లెక్క చూసి చాలామంది మనవాళ్ళకి పని రాదు అంటారు. నేను ఒప్పుకోను. "పద్ధతి ప్రకారం" అనే మాట చూడండి. ఆ బండి కిందకి దూరి వైరు పట్టుకున్న మేస్త్రి ఆ 5 శాతంలో లేడు. ఆయన ఆ లెక్క దృష్టిలో ఏ పనీ రానివాడు. నైపుణ్యం లేక కాదు అండీ, దాన్ని రాసుకునే పుస్తకం లేక. టార్గెట్లు మాత్రం ఎప్పటి నుంచో పెట్టుకుంటున్నాం, 1986 విధానంలో 1995కల్లా ప్లస్ టూ పిల్లల్లో 25 శాతం మంది వృత్తి కోర్సుల్లో ఉంటారని రాశారు, ఆ దగ్గరికి కూడా పోలేదు. 2020 విధానంలో 2025కల్లా బడీ కాలేజీ పిల్లల్లో కనీసం సగం మందికి వృత్తి విద్య పరిచయం కావాలన్నారు. 2025 అయిపోయింది. మీ పిల్లల బడిలో ఒక్క వర్క్‌బెంచ్ అయినా కనిపించిందా, చూసి చెప్పండి.

జర్మనీ గురించి అందరూ చెప్తారు, నాకు అందులో నచ్చింది ఒక్కటే చెప్తా. అక్కడ పిల్లాడు ముందు ఒక వర్క్‌షాపుతో ఒప్పందం రాసుకుంటాడు, వారంలో మూడు నాలుగు రోజులు అక్కడ పని, ఒకటి రెండు రోజులు బడి, నెల నెలా డబ్బు ఇస్తారు, మూడున్నరేళ్ళు. పరీక్ష పెట్టేది బడి కాదు, ఆ వృత్తి చేసేవాళ్ళ సంఘం. ఇది ఒక ఎత్తు. ఇంకో ఎత్తు ఏంటంటే, అక్కడ కూడా మనలాగే ఆటో మెకానిక్ వేరు, ఆటో ఎలక్ట్రీషియన్ వేరు ఉండేవాళ్ళు. 2003లో ఆ రెండు ట్రేడుల్నీ కలిపేసి మెకట్రానిక్స్ అని ఒకటే చేశారు, ఎందుకంటే బండిలో ఆ రెండూ విడిగా లేవు ఇక. 2013లో దానికే హై వోల్టేజ్ కూడా ఒక విభాగంగా పెట్టారు, ఎలక్ట్రిక్ కార్ల కోసం, రోడ్ల మీద ఆ కార్లు ఇంకా పెద్దగా లేనప్పుడే. మన ఆటోనగర్‌లో ఇవాళ్టికీ మెకానిక్ షెడ్డు ఒకటి, సెల్ఫ్ డైనమో షాపు ఒకటి, పంపు షాపు ఒకటి, ఏసీ వాళ్ళు ఇంకోచోట. బండి ఒక షాపు నుంచి ఇంకో షాపుకి తిరుగుతుంది, తప్పు ఎవరిదో ఎవరూ ఒప్పుకోరు. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్‌కి ఏసీ తప్పనిసరి చేశారు, డ్రైవర్లకి అది ఎప్పుడో రావాల్సింది, మంచి పని. మూడు నాలుగేళ్ళలో ఆ బండ్లన్నీ వారంటీ అయిపోయి మన దగ్గరికి వస్తాయి. లారీ ఏసీ చేసేవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు, చేతులెత్తండి.

(నలుగురైదుగురు చేతులెత్తారు.)

చూశారుగా. ఎలక్ట్రిక్ బండ్ల సంగతి కూడా అంతే. ఆరెంజ్ రంగు కేబుల్ కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోవాలి, ముందు ఇన్సులేషన్ గ్లౌజులు వేసుకోవాలి, బ్యాటరీ కనెక్షన్ విడదీసే సర్వీస్ ప్లగ్ తియ్యాలి, కాసేపు ఆగాలి, కెపాసిటర్లలో కరెంటు దిగిపోవాలి. డీజిల్ బండిలో తప్పు చేస్తే ఇంజన్ పోతుంది, ఇక్కడ తప్పు చేస్తే మనిషే పోతాడు. చూసి నేర్చుకుందాంలే అనడానికి లేని పని ఇది. ఐటీఐలో మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ అని ట్రేడు వచ్చింది, సంతోషం, కానీ ఇవాళ బండ్ల మీద చెయ్యి పెడుతున్నది ఆ పిల్లలు కాదు, మీరు. ముందు నేర్పాల్సింది మీకు.

మరి ఏం చెయ్యాలి అంటే, కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నదే చాలామందికి తెలీదు. అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. ఇప్పటి రూల్స్ ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థలు తప్పనిసరిగా అప్రెంటిస్‌లని తీసుకోవాలి, ఉన్నవాళ్ళలో 2.5 శాతం నుంచి 15 శాతం దాకా. కానీ ఇక్కడ మనకి కావాల్సిన ముక్క వేరే ఉంది, నలుగురు పనిచేసే షెడ్డు కూడా తీసుకోవచ్చు. తప్పనిసరి కాదు, ఇష్టమైతే తీసుకోవచ్చు. నలుగురు లేని షెడ్డు ఇక్కడ ఎన్ని? అప్రెంటిస్‌కి ఇచ్చే స్టైపెండ్ 2019 రూల్స్‌లో చదువుని బట్టి కనీసం 5,000 నుంచి 9,000 దాకా పెట్టారు, అందులో పావు వంతు, నెలకి 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది, 2016 నుంచి ఆ స్కీము ఉంది. పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి, కాంట్రాక్ట్ రాయాలి, ఆ కంప్యూటర్ పని చూసి మనవాళ్ళు వెనక్కి తగ్గుతారు. ఆ పని ఒక్కో షెడ్డూ చేసుకోవక్కర్లేదు అండీ, అసోసియేషన్‌లో ఒక అమ్మాయినో అబ్బాయినో పెట్టండి, వంద షెడ్ల కాగితాలు ఒక్కరే చూసుకుంటారు. ఆ ఒక్క జీతం అందరూ కలిసి వేసుకుంటే ఒక్కొక్కరికీ నెలకి టీ ఖర్చు కూడా కాదు.

అప్పుడు మీ కుర్రాడికి షెడ్డులో ఉన్న రోజులే చదువు కింద లెక్కకొస్తాయి, చివర పరీక్ష ఉంటుంది, కాగితం వస్తుంది. ఐటీఐ పిల్లలకి అట్లాగే డ్యూయల్ సిస్టం అని ఉంది, కొన్నాళ్ళు ఐటీఐలో, కొన్నాళ్ళు వర్క్‌షాపులో. కాగితం మీద ఉంది. దాన్ని పెద్ద కంపెనీలతోనే చేసుకుంటున్నారు, ఎందుకంటే ఎంఓయూ, అంటే ఒప్పందం, రాసుకునే ఫోటో బాగా వస్తుంది, షెడ్డుతో చేసుకుంటే ఫోటో రాదు. కానీ ఒక్క కంపెనీ వర్క్‌షాపు ఎంతమందిని తీసుకుంటుంది? ఆటోనగర్ మొత్తం ఐటీఐకి ప్రాక్టికల్ హాలు అయితే, ఆ 140 గంటలు నిజంగానే 840 అవుతాయి.

పెద్ద వయసు మేస్త్రులకి ఆర్‌పీఎల్ అని ఉంది, ముందే వచ్చిన పనిని గుర్తించి సర్టిఫికెట్ ఇవ్వడం. ఆలోచన చాలా మంచిది. అయితే ఒకటి రెండు రోజులు కూర్చోబెట్టి, టీషర్టు ఇచ్చి, ఫోటో తీసి పంపిస్తే ఆ కాగితానికి విలువ రాదు, బ్యాంకు వాడు కూడా చూసి పక్కన పెడతాడు. మేస్త్రిని తక్కువ చేసినట్టు కూడా అవుతుంది. చెడిపోయిన బండి ఒకటి పెట్టండి, టైం పెట్టండి, ఆయన ఎట్లా వెతుకుతున్నాడో నోట్ చేసుకోండి, తెలియనిది ఏదో చూసి ఆరు వారాలు సాయంత్రం పూట అది మాత్రమే నేర్పండి. సాయంత్రం ఆరు దాటాక ఐటీఐ షాపు ఖాళీగానే ఉంటుంది, తాళం వేసి ఉంటుంది.

డబ్బు లేదని మాత్రం ఎవరూ అనొద్దు. 2025 మేలో కేంద్ర క్యాబినెట్ ఐటీఐల కోసం 60,000 కోట్లతో స్కీము ఒప్పుకుంది, అక్టోబర్‌లో పీఎం-సేతు అని మొదలుపెట్టారు, 1000 ప్రభుత్వ ఐటీఐలు, అందులో 200 హబ్బులు, అంటే పెద్ద కేంద్రాలు, 800 స్పోకులు, అంటే వాటికి కలిపినవి. పక్కన తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐల్ని టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు, 2,300 కోట్ల పైన. రోబోలు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లు వస్తాయి. రావాలి. నా భయం ఒక్కటే, నీలం పట్టా. మెషిన్‌తో పాటు దాన్ని పాడుచేసే హక్కు కూడా పిల్లలకి ఇవ్వాలి. ఇది నేను చాలా సీరియస్‌గా చెప్తున్నా. ప్రతి మెషిన్ ఖరీదుతో పాటు ఏటా ఇంత రిపేరుకి, ఇంత విరిగిపోయే టూల్స్‌కి అని ముందే పక్కన పెట్టాలి, పిల్లాడి చేతిలో టూల్ విరిగితే అది నష్టం కింద కాదు, పాఠం ఖర్చు కింద రాయాలి.

ఇన్‌స్ట్రక్టర్ సంగతి కూడా అదే. నేను 90లలో ఇన్‌స్ట్రక్టర్లకి నేర్పే హైదరాబాద్ విద్యానగర్ ఏటీఐలో ట్రైనింగ్ అయ్యాను, ఇప్పుడు దాన్ని ఎన్‌ఎస్‌టీఐ అంటున్నారు, మంచి ట్రైనింగ్, ఇప్పటికీ ఆ సార్లని తలుచుకుంటా. కానీ ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో నేను ఒక పని చేసే వర్క్‌షాపులో వరసగా నెలరోజులు ఉన్నది ఎప్పుడూ లేదు. డాక్టరు రోగుల్ని చూడటం ఆపేసి ముప్పై ఏళ్ళు డాక్టర్లకి పాఠం చెప్తే మనం ఒప్పుకుంటామా? ప్రతి ఇన్‌స్ట్రక్టర్‌నీ ఏడాదికి ఒక నెల షెడ్డుకో సర్వీస్ సెంటర్‌కో డ్యూటీ మీద పంపాలి, జీతంతో సహా, అటెండెన్సు మేస్త్రి వెయ్యాలి. నాకు పీఎం-సేతు డబ్బు ఇచ్చి ఒక్క పని చెయ్యమంటే అదే చేస్తాను.

ఆడపిల్లల గురించి ఒక మాట. ఎంఎంవీలో నా దగ్గర ఒక అమ్మాయి చేరింది, వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. బ్యాచ్‌లో ఫస్టు. గేర్‌బాక్స్ ఊడదీసి బల్ల మీద వరసగా పేర్చి, ఏ షిమ్ము, అంటే సందు సరిచేసే సన్న రేకు, ఎక్కడిదో కళ్ళు మూసుకుని చెప్పేది. అప్రెంటిస్‌కి పంపుదామని నేను నాలుగు చోట్లకి తీసుకెళ్ళా. అందరూ మర్యాదగానే మాట్లాడారు, అందరూ అడిగింది ఒకటే, బాత్రూం ఎట్లా సార్ అని. చివరికి ఆ పిల్ల ఒక షోరూంలో బిల్లింగ్ కౌంటర్‌లో చేరింది. గేర్‌బాక్స్ పట్టుకున్న చెయ్యి అది. ఒక్క బాత్రూం లేక మనం పోగొట్టుకున్నాం. ఇంత పెద్ద ఆటోనగర్‌లో ఆడవాళ్ళకి వీధికొక శుభ్రమైన బాత్రూం కట్టుకోలేమా, ఏం అంత ఖర్చు?

నేను చెప్పాల్సింది చెప్పాను, ఇప్పుడు మీరు అడగండి.

(ఒక షెడ్డు యజమాని: సార్, మీరు చెప్పింది బాగానే ఉంది. రెండేళ్ళు నేను నేర్పిస్తా, వాడు పక్క షెడ్డువాడు రెండు వేలు ఎక్కువిస్తానంటే పోతాడు. నేనెందుకు నేర్పాలి?)

ఇది అసలైన ప్రశ్న అండీ, తప్పించుకోను. మీరు చెప్పింది నిజం, ఒక్కడే నేర్పితే నష్టపోతాడు. అందుకే ఒక్కడు నేర్పకూడదు, అందరూ నేర్పాలి. మీ దగ్గర నేర్చినవాడు పక్కకి పోతే, పక్కన నేర్చినవాడు మీ దగ్గరికి వస్తాడు. అసోసియేషన్‌లో ఒక మాట అనుకోండి, అప్రెంటిస్‌ని తీసుకోని షెడ్డు నెలకి ఇంత కట్టాలి, తీసుకున్న షెడ్డుకి ఆ డబ్బు పోవాలి అని. ఇంకొకటి నా అనుభవంలో చూసింది చెప్తా, కుర్రాడు రెండు వేల కోసం పోతాడని మనం అనుకుంటాం, నేను అడిగితే పిల్లలు చాలామంది చెప్పింది వేరు, "సార్, మూడేళ్ళ నుంచి గ్రీజు కొట్టడమే, స్పానర్ ఇవ్వరు" అని. నేర్చుకుంటున్నాను అనిపించినన్నాళ్ళు పిల్లాడు త్వరగా కదలడు.

(ఒక తల్లి: మా వాడు పది పాసయ్యాడండీ. ఐటీఐలో చేరుస్తానంటే మా వాళ్ళందరూ అక్కడే ఆగిపోతాడు, ఇంటర్ వెయ్యి, బీటెక్ చేస్తాడు అంటున్నారు.)

అమ్మా, ఆగిపోడు. ఐటీఐ రెండేళ్ళు అయ్యాక పాలిటెక్నిక్‌లో రెండో ఏడాదిలో చేరే దారి ఉంది, పాలిటెక్నిక్ అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. నా స్టూడెంట్స్‌లో అట్లా పోయినవాళ్ళు ఉన్నారు, క్లాసులో వాళ్ళు వేరేగా కనిపిస్తారు, ఎందుకంటే పుస్తకంలో బొమ్మ చూడగానే వాళ్ళకి ఆ వస్తువు బరువు ఎంతో తెలుసు. ఒకటి మాత్రం చెప్తా, వాడికి ఇష్టముంటేనే చేర్చండి. మార్కులు తక్కువొచ్చాయి కాబట్టి ఐటీఐ అని మాత్రం వాడి ముందు అనకండి. నేను 31 ఏళ్ళు చూశాను, మొదటి రోజు తల వంచుకుని వచ్చే పిల్లల్ని. ఆ తల ఎత్తించడానికే మాకు ఆరు నెలలు పట్టేది, పాఠం ఆ తర్వాతే. చేర్చే ముందు ఒకసారి వాడిని తీసుకుని ఐటీఐకి వెళ్ళండి, షాపు ఫ్లోర్‌లోకి వెళ్ళి ఇంజన్లు ఎన్ని, పిల్లలు ఎంతమంది అని లెక్కపెట్టండి, పట్టా కప్పి ఉంటే అడగండి ఎందుకు కప్పారని. అడిగే హక్కు మీకుంది.

(వెనక నుంచి ఒక మేస్త్రి: నాకు స్కానర్ కొనాలనే ఉంది సార్, అంతా ఇంగ్లీషే, నేను ఐదో తరగతి.)

మేస్త్రి గారూ, ఇంగ్లీషు మొత్తం అక్కర్లేదు. నేను కూర్చుని రాశాను, లారీ స్కానర్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చే మాటలు ఓ నలభై ఉంటాయి. ఓపెన్ సర్క్యూట్, షార్ట్ టు గ్రౌండ్, లో ప్రెషర్, ఇంటర్‌మిటెంట్, ఇట్లాంటివి. వాటిని తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం రాసి, ఏది వస్తే ముందు ఎక్కడ చూడాలో కూడా రాసి ఒక పేపరు చేశాను, జిరాక్సులు తెచ్చాను, వెళ్ళేటప్పుడు తీసుకోండి, గోడకి అంటించుకోండి. గురువారం సాయంత్రం ఏడింటికి ఇదే హాలు బయట ఉంటాను, నా దగ్గర స్కానర్ ఒకటి ఉంది, కంపెనీలో చేసే మా కుర్రాడు కూడా వస్తానన్నాడు. కావాల్సింది లైటు వెలుగుతున్న బండి ఒకటి.

(మేస్త్రి: నా షెడ్డులో ఒకటి నాలుగు రోజుల నుంచి ఉంది సార్. తోసుకునైనా తెస్తా.)

తీసుకురండి.